ప్రయాణములో ఇంటర్నెట్టు: ఒక ఫోనుతో పొందుట, నలుగురితో పంచుకొనుట

మన సంఘ సభ్యులలో పలువురు ఒకే విషయమును గూర్చి మమ్ము మరల మరల అడుగుచున్నారు. ఊరనున్నంతసేపు ఫోను చక్కగా పనిచేయును. రైలెక్కినను, లాంచి నెక్కినను, పుష్కరముల రద్దీలో చిక్కినను, దేశాంతరము పోయినను అది మూగవోవును. అట్టి సమయమున ఏమి చేయవలయును? తోడివాని ఫోనునుండి ఇంటర్నెట్టు తీసికొనవచ్చునా? తీసికొన్నచో వానికి ఎంత నష్టము? ఈ ప్రశ్నలకు సమాధానముగా ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ఇది పట్టణవాసుల వేడుకలకు సంబంధించిన సంగతి యని కొందఱు పెద్దలు తలంపవచ్చును. పూర్వము రైతు పొరుగూరినుండి ఇంటికి వార్త పంపవలెనన్న కార్డుముక్కయో, త్వరపడినచో తంతియో ఉండెడిది. ఆ తంతియు 2013 జూలై 14తో మన దేశమున నిలిచిపోయినది. నేడు రైతు వ్యవహారములో పెద్ద భాగము ఫోనులోనికి చేరినది. ధాన్యము ఏ దినమున ఏ కేంద్రమునకు తోలవలయునో వాట్సప్ ద్వారా నిర్ణయించుకొను పద్ధతి మన రాష్ట్రమున 2024 ఖరీఫు పంటకాలమున వచ్చినది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ యను పేర ప్రభుత్వ సేవలు పెక్కులు వాట్సప్‌లోనే ప్రారంభమైనవి. పి.ఎం. కిసాన్ సొమ్మునకు ఈ-కేవైసీ తప్పదు. ఇవి యన్నియు మనము ఇంటి యరుగుమీద కూర్చున్నప్పుడే వచ్చునన్న నియమము లేదు. కల్లములో ధాన్యము, ఆకాశమున మబ్బు, రైతు మాత్రము బంధువుల పెండ్లికి హైదరాబాదులో! ఒక పూట ఇంటర్నెట్టు దొరకనిచో వంతు తప్పును, రాశి తడియును. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తుపాను నరసాపురమునకు చేరువగా తీరము దాటుటను చూచిన మనకు ఒక పూట విలువ ఎంతయో వేరుగ చెప్పనక్కఱలేదు.

ముందుగా ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ఫోనులో మాట వేరు, చిన్న సందేశము వేరు, ఇంటర్నెట్టు వేరు. బ్యాంకివారును, ప్రభుత్వమువారును పంపు ఓటీపీ అంకెలు సాధారణముగా చిన్న సందేశముగా వచ్చును. దానికి సిగ్నలు ఉన్న చాలును, ఇంటర్నెట్టుతో పనిలేదు. ఆ అంకెలను తిరిగి నింపుటకు మాత్రమే ఇంటర్నెట్టు కావలయును. అందువలన డేటా అయిపోయిన వాని ఫోనునకు ఓటీపీ వచ్చును, తోడివాని ఇంటర్నెట్టుతో వాడు తన పని ముగించుకొనవచ్చును. ఇంతకన్నను సులువైన మార్గము డబ్బు చెల్లింపునకు కలదు. బ్యాంకి ఖాతాకు ముడిపడిన నంబరునుండి *99# అని నొక్కినచో ఇంటర్నెట్టు బొత్తిగా లేకయే నిలువ చూచుకొనుటకును, కొలది మొత్తములు పంపుటకును వీలగును. బొత్తాముల ఫోనుతో సయితము ఇది సాగును. కాని ఊరు విడువక మునుపే ఒకమాఱు వాడి చూచుకొనినవారికే దారిలో అక్కఱకు వచ్చును.

హాట్‌స్పాటు అనగా నేమి

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు నీరు పంచుకొనుట మన డెల్టావారికి వెన్నతో పెట్టిన విద్య. ఆ పోలికతోనే ఇదియు బోధపడును. ఫోను కంపెనీవారి టవరు పెద్ద కాలువ వంటిది. మన సిమ్ము మన చేనికి గల తూము. రీచార్జి చేసిన కొలది ఆ తూములో మనకు వంతు నీరు వచ్చును. ఇప్పుడు పొరుగువాని తూము మూతపడినది; మన చేనినుండి చిన్న బోదె త్రవ్వి వానికి నీరిచ్చితిమి. హాట్‌స్పాటు అనగా ఆ బోదెయే. మన ఫోను టవరునుండి ఇంటర్నెట్టును తీసికొని, చుట్టునున్న ఫోనులకు వైఫై రూపమున ఇచ్చును. పుచ్చుకొనువానికి రీచార్జి అవసరము లేదు, సిమ్ము లేకున్నను సరియే. అయితే వాడుకొన్న నీరంతయు మన వంతులోనుండియే తరుగును. పోలికను ఇంతకు మించి లాగరాదు; నీరు మురుగుకాలువకు పోవును గాని డేటా పోవుటకు మురుగుకాలువ లేదు.

వంతు కొలత జీబీలలో నుండును. 1,024 ఎంబీలు ఒక జీబీ. వాడుకలోనున్న రీచార్జులు పెక్కింటిలో దినమునకు 1.5 జీబీ గాని 2 జీబీ గాని యిత్తురు. అర్ధరాత్రి 12 గంటలకు కొత్త వంతు మొదలగును, మిగిలినది సాధారణముగా మఱునాటికి రాదు. వంతు ముగిసిన పిమ్మట ఇంటర్నెట్టు పూర్తిగా ఆగదు గాని వేగము బొట్లుబొట్లుగా తగ్గును. అక్షరముల సందేశము మెల్లగా పోవును, బొమ్మ కదలదు.

హాట్‌స్పాటును తెఱచుట కష్టము కాదు. ఫోను సెట్టింగులలో నెట్‌వర్కునకు సంబంధించిన భాగమున ఆ మాట కనబడును. కొన్ని ఫోనులలో పై అంచునుండి వ్రేలితో క్రిందికి లాగినచో వచ్చు గుర్తులలోనే యుండును. ఐఫోనులో దానికి పర్సనల్ హాట్‌స్పాట్ అని పేరు. దానికొక పేరును, ఒక పాస్‌వర్డును పెట్టవలయును. పేరుగా తమ ఇంటిపేరును, ఫోను నంబరును పెట్టువారిని చూచుచున్నాము. రైలుపెట్టెలోని వారందఱికిని అది కనబడును గదా! ఏ పంట పేరో, చెట్టు పేరో పెట్టిన చాలును. పాస్‌వర్డు 8 అక్షరములకు తక్కువ కారాదు, 12 ఉన్న మేలు. 12345678 అనునది పాస్‌వర్డు కాదు, తెఱచిన తలుపు. దానిని అందఱు వినునట్లు బిగ్గఱగా చెప్పనక్కఱలేదు. అంగడిలో డబ్బు చెల్లించుటకు చూపునట్టి క్యూఆర్ చతురమునే హాట్‌స్పాటునకును ఫోను చూపును. తోడివాడు తన ఫోనుతో దానిని చదివించిన చాలును.

కొన్ని ఫోనులలో 2.4, 5 అను రెండు తరంగముల నడుమ ఎంచుకొనవచ్చును. 5 వేగము గలది, కాని దూరము పోదు, గోడ అడ్డమైనచో తగ్గును. 2.4 నెమ్మది, కాని పాత ఫోనులన్నియు దానినే పట్టును. మన జట్టులో పాత ఫోను ఒక్కటియున్నను 2.4నే ఎంచుకొనుట మంచిది. ఎట్లయినను ఇచ్చు ఫోనునకు పది పదునైదు బారల లోపల నుండవలయును.

హాట్‌స్పాటు ఇచ్చు ఫోను రెండు పనులను ఒక్కసారిగా చేయుచుండుటచే త్వరగా వేడెక్కును, బ్యాటరీ వేగముగా తఱుగును. ఎండలోను, బస్సు అద్దము చెంతను, దిండు క్రిందను దానిని ఉంచరాదు. పవర్ బ్యాంకునకు తగిలించి గాలి తగులుచోట పెట్టవలయును. ల్యాప్‌టాపు ఒక్కదానికే కావలసినచో వైఫై వలదు, ఛార్జి తీగతోనే కలుపవచ్చును. ఇంటర్నెట్టు అటు పోవును, కరెంటు ఇటు వచ్చును. బ్లూటూతు ద్వారా పంచు మార్గము మఱియొకటి కలదు. అది నెమ్మది గాని బ్యాటరీని చాల తక్కువగా తినును. సందేశములకును, చిన్న చెల్లింపులకును అది చాలును.

నీరెక్కడ పోవుచున్నది

పంచుకొనుటలో వచ్చు తగవులకు మూలము వాడుక కాదు, తెలియని వాడుక. కావున ఏ పనికి ఎంత పోవునో సుమారుగ తెలిసియుండవలయును. వాట్సప్‌లో మాటలాడిన నిమిషమునకు అర ఎంబీ, అనగా గంటకు 30 ఎంబీ. ముఖములు చూచుకొనుచు మాటలాడిన నిమిషమునకు 5 ఎంబీ, గంటకు 300. దారి చూపు పటమునకు గంటకు 5 ఎంబీ చాలును. అక్షరముల సందేశమునకు లెక్కింపదగినంత పోదు. చలనచిత్రము సాధారణమైన స్పష్టతతో చూచిన గంటకు 700 ఎంబీ వఱకు పోవును. స్పష్టత పెంచిన కొలది అది రెండింతలు, మూడింతలగును. ఫోనును బట్టి ఈ అంకెలు కొంత మాఱవచ్చును గాని నిష్పత్తి మాఱదు. 2 జీబీతో 68 గంటలు మాటలాడవచ్చును, అదే 2 జీబీ మంచి స్పష్టతగల సినిమాలో గంట గంటన్నరకు ముగియును.

ఒక లెక్క చూతము. ఎనమండుగురు సభ్యులు హైదరాబాదు రాజేంద్రనగరులోని భారతీయ వరి పరిశోధన సంస్థను చూచి రాబోయినారనుకొనుడు. ఒక్కొక్కరు 20 నిమిషములు వాట్సప్‌లో మాటలాడిరి: 80 ఎంబీ. అందఱును కలిసి నూఱు ఫొటోలు ఇండ్లకు పంపిరి: వాట్సప్ వానిని కుదించును గావున 20 ఎంబీ. దారి పటము నాలుగు గంటలు: 20 ఎంబీ. ఒక్కొక్కరు ఐదు నిమిషములు భార్యాబిడ్డల ముఖములు చూచుకొనిరి: 200 ఎంబీ. మొత్తము 320. ఇది 2 జీబీలో ఆఱవవంతునకు లోపలనే. ఎనమండుగురి దినమంతటి అక్కఱ ఒక్కని వంతులో ఆఱవ భాగముతో తీఱినది! మిగిలిన 1,700 ఎంబీయు వెనుక సీటులోని పిల్లవాడు క్రికెట్టు చూడ మొదలిడువఱకే.

కాని పిల్లవానిని మించిన గండి ఇంకొకటి కలదు. అది కంటికి కనబడదు. హాట్‌స్పాటు పుచ్చుకొనిన పరికరము అది వైఫై యని మాత్రమే ఎఱుగును. ఎవరి రీచార్జి తఱుగుచున్నదో దానికి తెలియదు. వైఫై అనగా ఇంటిలో నెలబాడుగకు వచ్చు ఇంటర్నెట్టని భావించి, అంతవఱకు ఆపుకొనియున్న పనులన్నియు ఒక్కసారిగా మొదలిడును. యాపులు తమంతట తాము కొత్తవగును. గడచిన నెల పెండ్లి ఫొటోలు గూగులులో దాచుకొనుటకు పైకి పోవును. వాట్సప్ గుంపులలోని వీడియోలన్నియు దిగుమతియగును. ల్యాప్‌టాపు మఱియు ఘోరము. దాని విండోసు కొత్తపాళము ఒక్కటి దిగినచో వందల ఎంబీలు పోవును. ఫోను జేబులో నిద్రించుచున్నదని యజమాని నమ్ముచుండగనే అరగంటలో వంతు అంతయు పాఱిపోవును. ఇచ్చినవాడు “నీవు సినిమా చూచితివి” అనును, పుచ్చుకొన్నవాడు “నేను చేయి వేయలేదు” అనును. ఇద్దఱి మాటయు వారివారి మట్టుకు నిజమే.

దీనికి మందు పుచ్చుకొనువాని చేతిలో నున్నది. వైఫై పేర్ల పట్టికలో ఆ హాట్‌స్పాటు పేరును నొక్కి, దానిని మీటరు గలదిగా, అనగా ‘మీటర్డ్’గా గుర్తింపవలయును. ఐఫోనులో ‘లో డేటా మోడ్’ అను మీట వేయవలయును. విండోసు కంప్యూటరులోను మీటర్డ్ అను ఏర్పాటు కలదు. ఆండ్రాయిడు ఫోను వేఱొక ఆండ్రాయిడు హాట్‌స్పాటును తానే గుర్తుపట్టి జాగ్రత్తపడుట కలదు గాని దానినే నమ్మి యూరకుండరాదు. వాట్సప్ సెట్టింగులలో తనంతట తాను దిగుమతి చేసికొనుటను ఆపివేయుట మఱియొక జాగ్రత్త. ఇచ్చువాని వైపున, ఎవరెవరి ఫోనులు కలిసియున్నవో హాట్‌స్పాటు పుటలోనే కనబడును. తెలియని పేరు కనబడినచో తక్షణము తొలగించి పాస్‌వర్డు మార్చవలయును. డేటా ఇంత చేరినప్పుడు హెచ్చరించుమనియు, ఇంత దాటినచో ఆపుమనియు ఆండ్రాయిడు ఫోనునకు హద్దు చెప్పి యుంచవచ్చును.

జట్టుగా పోవువారు ఒకరిని లస్కరుగ నియమించుకొనుట మా అభిప్రాయమున ఉత్తమము. హాట్‌స్పాటు తెఱచుట, మూయుట, బ్యాటరీ చూచుట వాని పని. జట్టులో కనీసము రెండు వేఱువేఱు కంపెనీల సిమ్ములు ఉండవలయును. ఒకదానికి సిగ్నలు లేనిచోట మఱియొకదానికి ఉండవచ్చును. ఉదయము ఒకరు, మధ్యాహ్నము ఒకరు ఇచ్చినచో ఏ ఒక్కరి ఫోనును మాడిపోదు. ఖర్చు ఎవరిదని అడుగుదురేమో. టీ డబ్బులు పంచుకొనునట్లే పంచుకొనుడు, అంతకు మించిన లెక్క దీనిలో లేదు.

2022లో కోనసీమ

పెద్ద కాలువయే కట్టివేసినప్పుడు బోదెలెన్ని త్రవ్వినను ఫలము లేదని మన ప్రాంతమువారు ప్రత్యక్షముగా చూచిరి. 2022 ఏప్రిలులో కోనసీమ జిల్లా ఏర్పడినది. జిల్లా పేరు విషయమై మే 24న అమలాపురమున అల్లర్లు జరిగిన పిదప అచ్చట మొబైలు ఇంటర్నెట్టును పలు దినములు నిలిపివేసిరి. ఇంటినుండియే దూరపు కంపెనీలకు కొలువు చేయు యువకులు అప్పటికి మన పల్లెలలో చాలమంది యుండిరి. వారు ల్యాప్‌టాపులు సంచులలో పెట్టుకొని ఆవలి యొడ్డు సిగ్నలు అందు గోదావరి గట్లకును, జిల్లా వెలుపలి యూళ్లకును పోయి పని చేసికొనవలసి వచ్చెనని నాటి పత్రికలు తెలిపినవి. ఇంటర్నెట్టునకై గ్రామము విడిచి ప్రయాణము చేయుట మన డెల్టాలో అదివఱకు విననిది. అట్టి ఉత్తరువులను ప్రకటింపవలెననియు, అవి అంతులేకుండ సాగరాదనియు 2020 జనవరిలోనే సుప్రీముకోర్టు తీర్పు చెప్పియున్నది. ఆ చర్చ ఇచ్చట మా పని కాదు. రైతు గ్రహింపవలసిన సంగతి వేఱు.

అట్టి దినములలో వీధికొకడు బయటి యూరు పోయి పదిమంది పనులు చక్కబెట్టుకొని వచ్చుట సహజము. పదిమంది దస్త్రములను, ఫొటోలను తీసికొనిపోయి నింపి రావచ్చును. కాని పదిమంది పిన్ను అంకెలను కాగితముమీద వ్రాసికొని పోరాదు. ఇంటర్నెట్టు పంచుకొనుట వేఱు, ఖాతా తాళము పంచుకొనుట వేఱు. ఓటీపీ కావలసిన పని యగుచో ఖాతాదారు తన ఫోనుతో తానే పోయి, తోడివాని హాట్‌స్పాటులో తన చేతితోనే నొక్కుకొనవలయును. ఎంత నమ్మకస్థుడైనను ఇతరుని చేతికి ఆ అంకెలు పోయిన పిదప, డబ్బు తఱిగినచో ఎవరిని ఏమనుటకును ఉండదు. మోసము జరిగినట్లు తోచిన మఱుక్షణమే 1930 అను నంబరునకు ఫోను చేయవలయును. గడియలు గడచిన కొలది సొమ్ము చేతులు మాఱును.

రైలు, కొండ, జాతర

కదలు రైలులో ఫోను ఒక టవరును విడిచి మఱియొక టవరును పట్టుకొనుచు పోవుచుండును. ఇనుప పెట్టె సిగ్నలును అడ్డగించును. కావున హాట్‌స్పాటు ఇచ్చు ఫోనును కిటికీ చెంతనున్నవాని వద్ద ఉంచవలయును, పుచ్చుకొనువారు లోపలనుండవచ్చును. రాత్రి 11 గంటలనుండి ఉదయము 5 గంటల వఱకు పెట్టెలలోని ఛార్జి మీటలకు కరెంటు ఆపు పద్ధతి కలదు. పడుకొనక మునుపే బ్యాటరీ నింపుకొనవలయును. స్టేషనులలో రైల్‌టెల్ వారి వైఫై కలదు. 2016 జనవరిలో బొంబాయి సెంట్రలులో మొదలై నేడు ఆఱువేలకు మించిన స్టేషనులకు వ్యాపించినది. ఫోను నంబరునిచ్చి, వచ్చిన ఓటీపీ నింపినచో దినమునకు మొదటి అరగంట ఉచితము. అటుపిమ్మట స్వల్పరుసుముతో తీసికొను పద్ధతి 2021లో వచ్చినది. పటములు, పాటలు దింపుకొనుటకు అది మంచిది. అట్టి బహిరంగ వైఫైలో బ్యాంకి పనులు చేయవలదు, వానికి సొంత డేటాయే తగినది. ‘ఉచిత వైఫై’ అను పేరు ఎవడైనను తన ఫోనుకు పెట్టుకొనవచ్చునని పై పాఠమునుబట్టి మీకే తెలిసియుండును.

పాపికొండల నడుమ లాంచిలోను, మారేడుమిల్లి ఘాటులోను సిగ్నలు కొండల చాటున పోవును. సిగ్నలు లేనిచోట ఫోను ఊరకుండదు, దానికై వెదకి వెదకి బ్యాటరీని తినివేయును. అచ్చట విమానపు గుర్తుగల మీటను వేసి ఫోనును శాంతింపజేయుట మేలు. గూగులు పటములో కావలసిన ప్రాంతమును ఇంటియొద్దనే దింపుకొనినచో ఇంటర్నెట్టు లేకున్నను దారి చూపును. ప్రభుత్వ నిధితో మారుమూలల కట్టిన 4జీ టవరులను పలు కంపెనీల సిమ్ములుగలవారు వాడుకొనునట్లు 2025 జనవరి 17న ఒక ఏర్పాటు ప్రారంభమైనది. ఫోనులో నెట్‌వర్కును తానే ఎంచుకొనునట్లు ఉంచినచో అట్టి టవరు దొరకినప్పుడు దానిని పట్టుకొనును.

జాతరలలో కష్టము వేఱు విధమైనది. టవరు ఎదుటనే యుండును, సిగ్నలు గీతలు నిండుగ నుండును, ఇంటర్నెట్టు మాత్రము రాదు. ఇది శివారు భూముల గతియే. కాలువలో నీరున్నది, పై రైతులందఱు ఒక్కసారిగా తూములెత్తిరి. లక్షల ఫోనులు ఒక టవరును అడిగినచో ఒక్కొక్కదానికి బొట్టు వచ్చును. అచ్చట హాట్‌స్పాటు వలన లాభము లేదు, ఆ బొట్టునే పంచుకొనవలసి వచ్చును. 2015 జూలై 14 మొదలు 25 వఱకు జరిగిన గోదావరి పుష్కరములలో తొలిదినముననే రాజమహేంద్రవరమున త్రొక్కిసలాట జరిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. మరల 2027లో పుష్కరములు రానున్నవి. వృద్ధులను, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చువారు ఫోనుమీద భారముంచి గుంపులో దిగరాదు. తప్పిపోయినచో ఏ చెట్టు క్రింద, ఏ గంటకు కలిసికొనవలయునో ముందే చెప్పుకొని, పిల్లల జేబులో నంబరు వ్రాసిన చీటీ పెట్టవలయును. వాట్సప్ పోనప్పుడు సాధారణ సందేశము పోవును. అది ఆలస్యమైనను చేరును.

అపరిచితుడు బస్సులో “ఒక్క నిమిషము హాట్‌స్పాటు ఇత్తురా” అని అడిగినచో ఇయ్యవచ్చునా యని ఒకరు మమ్మడిగిరి. రైలు టిక్కెట్టు చూపవలసిన ఇక్కట్టులో నున్నవానికి ఇచ్చుట మానవధర్మమే. కాని సిమ్ము మన పేరనున్నది. దానిద్వారా జరిగిన చెడుపనికి పోలీసులు మొదట మన తలుపే తట్టుదురు. ఇచ్చినచో మన కన్నుల యెదుట వాని పని కానిచ్చి, వెంటనే మూసి, పాస్‌వర్డు మార్చుట యుక్తము. ఫోనే పోయినచో సంచార్ సాథీ అను ప్రభుత్వ స్థలములో దానిని పనిచేయకుండ నిలుపు వీలు 2023 మే నుండి కలదు. అందుకు ఫోనుయొక్క ఐఎంఈఐ అంకెలు కావలయును గావున *#06# నొక్కి వానిని ఇంటిలో పుస్తకమున వ్రాసి యుంచుకొనుడు.

దేశములో ఎచ్చటికి పోయినను సాధారణ రీచార్జి పనిచేయును. రాష్ట్రము 2014లో రెండైనను ఆంధ్ర, తెలంగాణములు ఫోనుల లెక్కలో నేటికిని ఒకే సర్కిలు. జమ్ము కాశ్మీరమునకు పోవు యాత్రికులు మాత్రము బయలుదేరక మునుపే విచారింపవలయును. బయటి రాష్ట్రముల ప్రీపెయిడు సిమ్ములు అచ్చట పనిచేయని నియమము చాలకాలముగా ఉన్నది. కోనసీమనుండియు, పశ్చిమగోదావరినుండియు గల్ఫు దేశములకు పోవువారు విమానము దిగకమునుపే డేటా రోమింగు మీట తీసివేయవలయును. రోమింగు ప్యాకు లేక వాడినచో కొద్ది నిమిషములకే పెద్ద బిల్లు పడును. అచ్చటి సిమ్ము తీసికొని, మన సిమ్మును ఓటీపీ కొఱకు రెండవ గదిలో ఉంచుకొనుట మంచిది. యుఏఈలో వాట్సప్ మాటలు సాగవు, ఆ దేశము అనుమతించిన బోటిమ్ వంటివి వాడవలయును. ఇచ్చటి ప్రీపెయిడు నంబరు 90 దినములు వాడుకలో లేనిచో కంపెనీ దానిని తీసివేయవచ్చును; ఖాతాలో 20 రూపాయలు నిలువయున్నచో అవి తీసికొని 30 దినములు పొడిగించు నియమము కలదు. ఆ నంబరు వేఱొకనికి పోయినచో బ్యాంకి సందేశములును వానికే పోవును.

ఇక సంఘముల సంగతి. సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామమున 2016 డిసెంబరులోనే ఇండ్లకు ఫైబరు ఇంటర్నెట్టు ఇచ్చిరి. తీగ వచ్చిన యూరిలో దారిన పోవు రైతునకును అది దొరకునట్లు చేయుటకు ఒక మార్గమున్నది. 2020 డిసెంబరు 9న కేంద్రప్రభుత్వము అంగీకరించిన పి.ఎం. వాణి పథకము క్రింద చిన్న అంగడివాడైనను లైసెన్సు లేకయే తన బ్రాడ్‌బ్యాండును వైఫైగా నలుగురికి రుసుముతో ఇయ్యవచ్చును. అట్టివారివద్ద కంపెనీలు ఇష్టమువచ్చిన బాడుగ గుంజకుండ, ఇండ్లవారి ధరకు రెండింతలు మించరాదని 2025 జూనులో ట్రాయి హద్దు పెట్టినది. ఎరువు బస్తాలకును, ధాన్యపు వంతునకును వచ్చు రైతులు గంటలకొలది వేచియుండు సంఘ భవనములకు ఇది తగియున్నదని మా తలంపు. బాడుగ ఎంత, గంటకు రుసుమెంత, రాత్రివేళ మీట తీయువారెవరు అను మూడు విషయములను నిర్ణయించి పాలకవర్గ సమావేశమునకు తెచ్చిన సంఘములు, తమ ఏర్పాటు వివరములను మాకు వ్రాసి పంపినచో వచ్చు సంచికలో ప్రకటింతుము.